ఎడమ నుంచి మూడో మనిషి

పాత యుద్ధ ఫోటోలు చూసేటప్పుడు నాకో అలవాటు ఉంది. ముందు బొమ్మ చూడను. కింద రాసిన రెండు లైన్లు చదివి, ఆ తర్వాత పైకి వెళ్తాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోటోలు ఇప్పుడు లక్షల కొద్దీ ఆన్‌లైన్లో ఉన్నాయి. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్, ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్, జర్మనీ బుండెస్‌ఆర్కివ్... ఫోన్లో వేలితో తోసుకుంటూ పోతే అర్ధరాత్రి ఎప్పుడు దాటిందో తెలీదు. అలా కొన్ని వందల క్యాప్షన్లు చదివాక వాటికి ఒక వ్యాకరణం ఉందని అర్థమవుతుంది.

ఆ ఫోటోల్లో ముఖ్యంగా ఉండేవి మూడు: సేనాని, ఆయుధం, సైనికుడు. సేనానికి పూర్తి పేరు, హోదా, బిరుదు ఉంటే బిరుదు కూడా. ఆయుధానికి పేరు, మోడలు, మార్క్ నంబరు. సైనికుడికి మాత్రం 'ఒక'. ఒక సిపాయి. ఒక గన్నర్. బురదలో నడుస్తున్న ఒక పదాతి సైనికుడు. అతని చేతిలో ఉన్నది బ్రెన్ గన్ అని ఆ వాక్యంలోనే ఉంటుంది. అతను ఎవరన్నది ఉండదు.

ఈ వ్యాకరణం మనకీ బాగానే వంటబట్టింది. పబ్జీ ఆడిన ఎవర్నైనా అడగండి, కార్98కే అంటే ఏంటో, దాని దెబ్బ ఎంత దూరం వెళ్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్తారు. అది 1935లో జర్మన్ సైన్యం తీసుకున్న రైఫిల్. దాన్ని మోస్తూ స్టాలిన్‌గ్రాడ్ దాకా నడిచినవాళ్ళలో ఒక్క మనిషి పేరు చెప్పమంటే మాత్రం మనందరం రొమ్మెల్ దగ్గరో, హిట్లర్ దగ్గరో ఆగిపోతాం. తుపాకీ గుర్తుండి మనిషి గుర్తుండకపోవడంలో ఆటల తప్పేం లేదు. ఆ ఫోటోల కింద రాసినవాళ్ళు మొదట్నుంచీ అలాగే రాశారు.

*

సేనానుల ఫోటోల్లో వెంటనే తెలిసిపోయేదేంటంటే, కెమెరా ఎక్కడుందో వాళ్ళకి తెలుసు. మాంట్‌గొమరీనే తీసుకోండి. 1942 ఆగస్టులో ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ ఎనిమిదో సైన్యాన్ని చేతిలోకి తీసుకున్నాక ఆయన ట్యాంకు దళాలవాళ్ళ నల్ల బెరే టోపీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. దాని మీద రెండు బ్యాడ్జీలు. ఒకటి ట్యాంక్ రెజిమెంటుది, ఇంకోటి జనరల్‌గా తనది. యూనిఫాం రూల్స్ ప్రకారం అలా పెట్టుకోకూడదు. కానీ ఎంత దూరం నుంచైనా, ఎంత చిన్న ఫోటోలోనైనా ఆ టోపీ చూసి ఆయన్ని గుర్తుపట్టొచ్చు. ఎండలో నెలల తరబడి వెనక్కి తగ్గుతూ వచ్చిన సైన్యానికి ఒక ముఖం కావాలని ఆయన లెక్క. అవతలి పక్క రొమ్మెల్‌కి సొంతంగా లైకా కెమెరానే ఉండేది. తను నడిపిన యుద్ధాన్ని తనే ఫోటోలు తీసుకున్న జనరల్ ఆయన.

మెకార్థర్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1944 అక్టోబర్ 20న ఫిలిప్పీన్స్‌లోని లేటే ద్వీపానికి వచ్చినప్పుడు ఆయన ఎక్కిన పడవ ఒడ్డు దాకా రాలేక లోతు తక్కువ చోట ఆగిపోయింది. దిగి మోకాళ్ళ లోతు నీళ్ళలో నడవాల్సొచ్చింది. నల్ల కళ్ళద్దాలు, బిగించిన పెదాలు, పక్కన ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు సెర్జియో ఒస్మేన్యా. ఆయన వెంట ఉండే ఫోటోగ్రాఫర్ గేటానో ఫెయిలేస్ తీసిన ఆ ఫోటోలో కనిపించే కోపం, ప్యాంటు తడిసినందుకు వచ్చిన చిరాకేనంటారు. ప్రపంచం దాన్ని సంకల్పంగా చదువుకుంది. 1945 జనవరిలో లుజాన్ ద్వీపంలో లింగాయెన్ తీరానికి వచ్చినప్పుడు మెకార్థర్ మళ్ళీ నీళ్ళలోంచే నడిచాడు. ఆ రెండోసారి నడక అనుకోకుండా జరిగిందని నమ్మేవాళ్ళు తక్కువ.

వీటికన్నా నన్ను ఎక్కువ ఆపిన ఫోటో చర్చిల్‌ది. 1940 జులై 31న ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో హార్టిల్‌పూల్ దగ్గర రక్షణ ఏర్పాట్లు చూడ్డానికి వెళ్ళి, టామీ గన్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. గీతల సూటు, టోపీ, నోట్లో చుట్ట. జర్మన్లు ఆ ఫోటోని కరపత్రాలుగా వేసి, చూడండి, ఇతనో గ్యాంగ్‌స్టర్ అని పంచారు. బ్రిటిష్‌వాళ్ళు అదే ఫోటోని ధైర్యానికి గుర్తుగా వాడుకున్నారు. అలా వాడుకునేటప్పుడు చర్చిల్ పక్కనున్న ఇద్దరినీ కత్తిరించేశారు. వాళ్ళు లేకపోతే నాయకుడు ఇంకా పెద్దగా కనిపిస్తాడు కదా. 'ఒక సైనికుడు' అనే క్యాప్షన్ కూడా దక్కనివాళ్ళు అలాంటివాళ్ళే. ఫోటో అంచు అవతలికి పోయినవాళ్ళు.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సిన ఫోటో ఒకటుంది. 1944 జూన్ 5 సాయంత్రం, ఇంగ్లండ్‌లో గ్రీన్‌హామ్ కామన్ విమానాశ్రయం. ఇంకొన్ని గంటల్లో నార్మండీ మీద దూకబోతున్న 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ పారాట్రూపర్ల మధ్య ఐసెన్‌హోవర్ నిలబడి ఉన్నాడు. చెయ్యి పైకెత్తి, ఎదురుగా ఉన్న పొడుగాటి కుర్రాడితో ఏదో చెప్తున్నాడు. ఆ కుర్రాడి మెడలో వేలాడుతున్న అట్ట మీద 23 అని ఉంది. ఏదో గొప్ప యుద్ధ ప్రసంగం జరుగుతున్నట్టు ఉంటుంది చూడ్డానికి. ఆ కుర్రాడి పేరు లెఫ్టినెంట్ వాలెస్ స్ట్రోబెల్. ఆ రోజు అతని పుట్టినరోజు, 22 నిండాయి. 23 అన్నది అతను ఎక్కాల్సిన విమానం నంబరు. మీ ఊరేదని ఐసెన్‌హోవర్ అడిగాడట. మిషిగన్ అన్నాడట. అక్కడ చేపలు పట్టడానికి బాగుంటుందని మాట్లాడుకున్నారట. అంతే. ఇవన్నీ ఎలా తెలిశాయంటే స్ట్రోబెల్ యుద్ధం నుంచి బతికొచ్చాడు, చాలా ఏళ్ళు బతికాడు, అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. అదే రోజు ఐసెన్‌హోవర్ ఇంకో చిన్న చీటీ రాసి పెట్టుకున్నాడు. దాడి విఫలమైతే తప్పంతా తనదేనని అందులో ఉంది. తేదీ వెయ్యబోయి జూన్ బదులు జులై అని వేశాడు. చేపల సంగతి మాట్లాడుతున్న మనిషి బుర్రలో ఏముందో ఆ తేదీ చెప్తుంది. ఫోటో అది చెప్పలేదు.

పేరు తెలియడం వల్ల ఫోటో ఎంత మారిపోతుందో చూడండి. 23 నంబరు కుర్రాడు కాస్తా పుట్టినరోజు నాడు చావుకు సిద్ధమై, చేపల గురించి మాట్లాడుతున్న వాలెస్ అయ్యాడు.

*

ఇక ఆయుధాల సంగతి. వీటి క్యాప్షన్లు అంత కచ్చితంగా ఎందుకుంటాయన్నదానికి జవాబు తేలికే. యంత్రం పుట్టడమే పేరుతో పుడుతుంది. చెకోస్లోవేకియాలోని బర్నో నుంచి 'బర్', ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ నుంచి 'ఎన్' తీసి కలిపితే బ్రెన్ గన్. అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధకాలంలో 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. ప్రతిదానికీ ఒక నంబరు ప్లేటు. లెక్క రాసేవాళ్ళకి యంత్రం పోతే ఇంకోటి తెప్పించాలి కాబట్టి దాని వివరం సరిగ్గా ఉండాలి.

ట్యాంకులకైతే సైనికులే పేర్లు పెట్టుకునేవాళ్ళు. పెయింటుతో పక్కన రాసుకునేవాళ్ళు, మన లారీల మీద పిల్లల పేర్లు రాయించుకున్నట్టు. 'కోబ్రా కింగ్' అనే షెర్మన్ ట్యాంకు 1944 డిసెంబర్ 26న, జర్మన్ల ముట్టడిలో ఉన్న బెల్జియం పట్నం బాస్టోన్‌లోకి అందరికన్నా ముందు చొచ్చుకెళ్ళింది. దాని ముందు సిబ్బంది నిలబడి దిగిన ఫోటో ప్రసిద్ధం. యుద్ధమయ్యాక ఆ ట్యాంకు ఏమైందో ఎవరికీ పట్టలేదు. దశాబ్దాల తర్వాత, జర్మనీలో ఒక అమెరికన్ సైనిక స్థావరం గేటు దగ్గర అలంకారంగా నిలబెట్టిన పాత ట్యాంకు అదేనని సీరియల్ నంబరు పట్టుకుని తేల్చారు. ఇప్పుడది అమెరికాలో మ్యూజియంలో ఉంది.

ఇనుము అంత తేలిగ్గా తప్పిపోదు. నంబరు చెక్కి ఉంటుంది.

*

మనిషికీ నంబరు ఉంటుంది. మెడలో బిళ్ళ మీద. కానీ ఫోటోలో అది చొక్కా లోపల ఉంటుంది. అందుకే ప్రపంచంలో అందరికన్నా ఎక్కువమంది చూసిన ఆరుగురు సైనికులు ఎవరన్నది తేల్చడానికి 74 ఏళ్ళు పట్టింది.

1945 ఫిబ్రవరి 23న జపాన్ ద్వీపం ఇవో జిమాలో, సురిబాచి కొండ మీద జెండా ఎత్తుతున్న ఆరుగురు అమెరికన్ మెరీన్లు. తీసింది అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ జో రోసెంథాల్. అది నిజానికి ఆ రోజు ఎత్తిన రెండో జెండా. పొద్దున ఎత్తిన చిన్న జెండా బదులు పెద్దది పెడుతున్నారు. ఫోటోలో ఒక్కరి ముఖమూ సరిగ్గా కనపడదు. ఆరుగురిలో ముగ్గురు ఆ తర్వాత నెల రోజుల్లోపే, ఆ ద్వీపం మీదే చనిపోయారు. బతికున్నవాళ్ళని వెనక్కి పిలిపించి, యుద్ధ బాండ్లు అమ్మడానికి ఊరూరా తిప్పారు. బాండ్లు అమ్మాలంటే పేర్లు కావాలి. హడావిడిలో పేర్లు పెట్టేశారు.

ఆ పేర్లలో మూడు తప్పు. మొదటి తప్పు ఐరా హేస్‌కి ముందే తెలుసు. అరిజోనాలో పీమా ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చిన మెరీన్ అతను. ఫోటోలో జెండా కర్ర అడుగున వంగి ఉన్నది హ్యాంక్ హాన్సెన్ కాదు, హార్లన్ బ్లాక్ అని చెప్తే, పేర్లు ప్రకటించేశాం, ఊరుకోమన్నారు. 1946లో హేస్ దారిన పోయే బళ్ళు ఆపుకుంటూ, ఎక్కుతూ దిగుతూ, టెక్సస్‌లో బ్లాక్ వాళ్ళ ఊరు చేరుకుని ఆ తండ్రికి చెప్పొచ్చాడు, ఫోటోలో ఉన్నది మీ అబ్బాయేనని. 1947లో సైన్యం ఒప్పుకుంది. మిగిలిన రెండు తప్పులు దిద్దడానికి 2016, 2019 దాకా పట్టింది. జాన్ బ్రాడ్లీ ఆ ఫోటోలో లేడు, ఉన్నది హెరాల్డ్ షుల్జ్. రెనే గాన్యన్ అనుకున్న మనిషి హెరాల్డ్ కెల్లర్. షుల్జ్ లాస్ ఏంజెలస్‌లో పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసి, 1995లో ఎవరికీ పెద్దగా ఏమీ చెప్పకుండా చనిపోయాడు. దేశం నడిబొడ్డున ఆ ఫోటోని కంచు విగ్రహంగా నిలబెట్టారు, స్టాంపులు వేశారు. అందులో తను ఉన్నానని తెలిసిన మనిషి రోజూ ఆ స్టాంపుల మధ్యే కూర్చున్నాడేమో అనిపిస్తుంది నాకు.

ఇక్కడ నా వాదనకి నేనే ఒక అడ్డుపుల్ల వెయ్యాలి. బ్రాడ్లీ విషయంలో అనుమానం మొదటిసారి గట్టిగా లేవనెత్తింది ప్రొఫెసర్లు కాదు. ఇద్దరు ఔత్సాహికులు. సైనికుల సామాన్ల మీద పిచ్చి ఉన్నవాళ్ళు. అదే రోజు తీసిన వేరే ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని, ఇతని ప్యాంటు కింద మడత ఉంది, ఆ ఫోటోలో లేదు, ఇతని హెల్మెట్ పట్టీ వేరు, బెల్టుకు వేలాడే సామాను వేరు అని పోల్చుకుంటూ పోయారు. సామాను మీది ప్రేమే చివరికి మనిషి పేరు దగ్గరికి తీసుకెళ్ళింది. కాబట్టి ట్యాంకుల పేర్లు బట్టీ పట్టేవాళ్ళని చూసి నవ్వడం నేను మానుకోవాలేమో. వాళ్ళ చూపు ఇంకొక్క అడుగు ముందుకి వేస్తే చాలు.

సోవియట్ ఫోటోదీ ఇదే కథ, ఇంకో రుచితో. 1945 మే 2న బెర్లిన్‌లో రైష్‌స్టాగ్ భవనం మీద ఎర్రజెండా. ఫోటోగ్రాఫర్ యెవ్‌గెనీ ఖల్దేయ్ ఇవో జిమా ఫోటో చూసి, అలాంటిది మనకీ కావాలని ఎర్ర టేబుల్ క్లాత్‌లతో జెండాలు కుట్టించుకుని మరీ వెళ్ళాడు. జెండా పట్టుకున్నతన్ని కింద నుంచి ఆసరాగా పట్టుకున్న సైనికుడికి రెండు చేతులకీ వాచీలు ఉన్నట్టు కనిపించింది. రెండు వాచీలంటే ఒకటి దోచుకున్నదనేగా. సూదితో నెగెటివ్ మీద గీకి ఒకటి మాయం చేశారు. ఆకాశంలో పొగ కలిపారు. పేర్లు కూడా మార్చారు. జెండా ఎత్తిన వీరులుగా ప్రభుత్వం వేరే ఇద్దరిని ముందే ఎంచుకుంది కాబట్టి, ఫోటోలో ఉన్నది కూడా వాళ్ళేనని ఏళ్ళ తరబడి ప్రచారమైంది. అసలు జెండా పట్టుకున్నది ఉక్రేనియన్ అలెక్సేయ్ కవల్యోవ్. ఆసరా ఇచ్చింది దాగెస్తాన్‌కి చెందిన అబ్దుల్‌హకీమ్ ఇస్మాయిలోవ్. ఇస్మాయిలోవ్‌కి 'హీరో ఆఫ్ రష్యా' బిరుదు ఇచ్చింది 1996లో. అప్పటికి సోవియట్ యూనియనే లేదు.

*

అయితే పేరు రాయకపోవడం ప్రతిసారీ నిర్లక్ష్యమేనా? కాదనడానికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ, 'లైఫ్' పత్రిక 1943 సెప్టెంబర్ 20 సంచికలో వేసిన ఫోటో. న్యూగినీలో బూనా తీరం. ఇసుకలో సగం కూరుకుపోయి ముగ్గురు అమెరికన్ సైనికుల శవాలు. తీసింది జార్జ్ స్ట్రాక్. అప్పటిదాకా అమెరికన్ సెన్సారు తమవాళ్ళ శవాల ఫోటోలు బయటికి పోనివ్వలేదు. ఇంట్లో కూర్చున్న జనానికి యుద్ధమంటే ఏంటో తెలియాలని చివరికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్థాయిలో ఒప్పుకున్నారు. ఆ ఫోటోలో ముఖాలు కనపడవు. పేర్లు ఇవ్వలేదు. ఏదో ఊళ్ళో ఒక తల్లి పత్రిక తిరగేస్తూ కొడుకుని ఆ స్థితిలో చూడకూడదు కదా. అక్కడ పేరు లేకపోవడం మర్యాద. అదే ముగ్గురూ జపాన్‌వాళ్ళయి ఉంటే ఆ మర్యాద దొరికేది కాదన్నది కూడా నిజం. శత్రువుల శవాల ఫోటోలు అప్పటికే ముఖాలతో సహా అచ్చవుతూ ఉండేవి.

ఇంకోవైపు, పేరు దాచుకోవాలనుకున్నవాళ్ళ ఫోటోలు. జర్మన్ సైనికుల్లో చాలామంది దగ్గర సొంత కెమెరాలుండేవి. లైకా కొనలేనివాళ్ళు ఆగ్ఫా కొనుక్కున్నారు. ఇంటికి పంపే ఫోటోల్లో ఊళ్ళు, చర్చిలు, సముద్రం, స్నేహితులు, మధ్యలో ఉరికంబాలు. 1995లో హాంబర్గ్ సామాజిక పరిశోధన సంస్థ అలాంటి ఫోటోలతో, తూర్పు రంగంలో మామూలు జర్మన్ సైన్యం చేసిన నేరాల మీద ప్రదర్శన పెట్టింది. నేరాలన్నీ హిట్లర్ ఎస్‌ఎస్ దళాలవే, మా నాన్న మామూలు సైనికుడు అని నమ్ముకున్న తరం మీద పిడుగు పడినట్టయింది. ఊరేగింపులు, గొడవలు. 1999లో ప్రదర్శన ఆపాల్సొచ్చింది. కారణం క్యాప్షన్లు. కొన్ని ఫోటోల్లో ఉన్న శవాలు సోవియట్ రహస్య పోలీసులు చంపినవాళ్ళవని చరిత్రకారులు చూపించారు. పరిశీలన కమిటీ లెక్క తేల్చింది: 1433 ఫోటోల్లో అలా తప్పుగా చేరినవి ఇరవైలోపే. ప్రదర్శన చెప్పిన ముఖ్యమైన విషయం నిజమే. కానీ ఆ ఇరవై క్యాప్షన్ల కంత లోంచి, మొత్తం అబద్ధమనడానికి కాచుక్కూర్చున్నవాళ్ళందరూ దూరిపోయారు. 2001లో సరిచేసి మళ్ళీ తెరిచారు. ఫోటో కింద రెండు లైన్లు సరిగ్గా రాయడం ఎంత బరువైన పనో ఆ రెండేళ్ళు చెప్తాయి.

*

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి వస్తాను.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు. 87 వేల మందికి పైగా చనిపోయారు. మలయా, బర్మా, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, ఇరాక్. వీళ్ళ ఫోటోలు తక్కువేం కాదు. బ్రిటిష్ సైన్యం 1941లో ఫిల్మ్, ఫోటో యూనిట్ ఒకటి పెట్టుకుని, పైన్‌వుడ్ సినిమా స్టూడియోలో సార్జంట్లకి శిక్షణ ఇచ్చి కెమెరాలతో యుద్ధరంగానికి పంపింది. సెసిల్ బీటన్ లాంటి ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ కూడా 1944లో ఇండియా, బర్మా సరిహద్దుకి వచ్చి వెళ్ళాడు. ఆ ఫోటోల్లో మన సిపాయిలు అందంగా ఉంటారు. వెలుతురు బాగుంటుంది. పేర్లుండవు.

నాకు బాగా ఇష్టమైనవి వంతెనల ఫోటోలు. ఇటలీలో జర్మన్లు వెనక్కి తగ్గుతూ ప్రతి నది మీదా వంతెన పేల్చేసుకుంటూ పోయారు. వెంటబడ్డ సైన్యాలకి బెయిలీ వంతెనే దిక్కు. ముక్కలుగా తెచ్చి, బోల్టులతో బిగించి, క్రేన్లు లేకుండా నిలబెట్టే ఉక్కు వంతెన. ఒక్కో పలక దాదాపు 260 కిలోలు. ఆరుగురు కలిసి మోసుకెళ్ళాలి. 1943 డిసెంబర్‌లో మోరో నది దగ్గర ఒడ్డు మలుపు ఇరుకై ఇటువైపు నుంచి వంతెన తొయ్యడానికి చోటు లేకపోతే, ఎనిమిదో ఇండియన్ డివిజన్ ఇంజనీర్లు సామానంతా అవతలి ఒడ్డుకి మోసుకెళ్ళి, శత్రువు వైపు నుంచి వెనక్కి కట్టుకుంటూ వచ్చారు. దానికి 'ఇంపాసిబుల్ బ్రిడ్జి' అని పేరు పెట్టారు. వంతెనకి పేరుంది. ఆ రకం వంతెన కనిపెట్టిన డొనాల్డ్ బెయిలీ పేరుంది. పలక మోస్తున్న ఆరుగురిని 'ఇండియన్ సాపర్లు' అంటారు.

పేరు దక్కాలంటే పతకం రావాలి. పతకం రావాలంటే చాలాసార్లు చచ్చిపోవాలి. మద్రాస్ సాపర్స్‌కి చెందిన సుబేదార్ సుబ్రమణ్యన్ 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మిన్యానో దగ్గర, పేలబోతున్న మైను మీద తను పడుకుని పక్కవాళ్ళని కాపాడాడు. జార్జ్ క్రాస్ అందుకున్న మొదటి భారతీయుడు ఆయన. ఆయన పేరు చరిత్రలో ఉంది. ఆయన కాపాడినవాళ్ళ పేర్లు వెతుక్కోవాలి.

మద్రాస్ సాపర్లలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల నుంచి, నైజాం నుంచి వేలమంది పటాలంలో చేరి వెళ్ళారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరికి మిలిటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఇంటింటి నుంచీ మనుషుల్ని పంపిన ఊరది. మలయాలో కోటా బారు మీద జపాన్ దిగిన రాత్రి, 1941 డిసెంబర్‌లో, అక్కడి విమానాశ్రయం కాపలాలో ఉన్నది హైదరాబాద్ సంస్థానపు పటాలం. అంటే అమెరికాకి యుద్ధం పెర్ల్ హార్బర్‌తో మొదలైందని మనం సినిమాల్లో చూస్తామే, ఆ గంటల్లోనే మన నైజాం సైనికులు మలయా తీరంలో తూటాల కింద ఉన్నారు. మరి నాలుగు నెలలకి, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి.

అలా వెళ్ళి తిరిగిరానివాళ్ళ పేర్లు ఎక్కడో ఒకచోట ఉన్నాయి. బర్మాలో తౌక్యాన్ దగ్గర రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి, సమాధి లేనివాళ్ళవి. కొహిమాలో దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులు 917 మంది పేర్లున్నాయి. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో వెతికితే పేరు, నంబరు, పటాలం, చనిపోయిన తేదీ వస్తాయి. కొందరికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినపడ్డ స్పెల్లింగుల్లో మన ఊళ్ళ పేర్లు చదువుకుంటుంటే, పెదాలతో పలికి చూస్తే గానీ అది ఏ ఊరో తెలీదు. ఇంటిపేర్లు చాలాచోట్ల ఉండవు. ఫోటో అసలుండదు.

నన్ను వదలని సంగతి ఇదే. ఒకచోట ముఖాలున్నాయి, పేర్లు లేవు. ఇంకోచోట పేర్లున్నాయి, ముఖాలు లేవు. రెండూ ఒకే మనుషులవి కావచ్చు. ఆ రెండు గుట్టల్నీ కలిపే దారం, ఫోటో తీసిన రోజు ఒక సార్జంటు పెన్సిల్ తీసి 'నీ పేరేంటి' అని అడిగుంటే దొరికేది. భాష రాలేదో, టైం లేదో, అడగాలని తోచలేదో. ఐసెన్‌హోవర్ స్ట్రోబెల్‌ని అడిగింది అంతకన్నా పెద్ద ప్రశ్నేం కాదు, మీ ఊరేదని.

ఇప్పుడు ఇన్‌స్టాలో ఈ ఫోటోలకి రంగులద్దుతున్నారు. ఏఐతో మసకబారిన ముఖాలకి కళ్ళూ ముక్కూ పదును పెడుతున్నారు. చూడ్డానికి బాగుంటాయి. యూనిఫాం ఖాకీ ఏ ఛాయో, ట్యాంకు పెయింటు ఏ ఆకుపచ్చో చెప్పడానికి పుస్తకాలున్నాయి. ఆ సిపాయి ఒంటి రంగు మాత్రం ఊహే. పదును పెట్టిన ఆ కళ్ళు కూడా యంత్రం ఎక్కడెక్కడి ముఖాల్లోంచో ఏరి తెచ్చి అతికించినవి. ఉన్న ముఖాన్ని కూడా తీసేసి ఇంకొకరి ముఖం పెట్టడం అది. రైష్‌స్టాగ్ ఫోటోలో వాచీ గీకేసినవాళ్ళకి కనీసం తాము ఏం గీకుతున్నారో తెలుసు.

అందుకే నాకు మసక ఫోటోలే చాలు. బెయిలీ పలక మోస్తున్న ఆరుగురిలో ఎడమ నుంచి మూడో మనిషిని చూస్తాను. అతని ముఖం మీద పేరు ఊహించి అతికించను. భుజం మీద గుడ్డ మడత పెట్టుకున్నాడా, బూట్లకి బురద ఎంత దాకా ఉంది, పక్కవాడికన్నా పొట్టివాడు కాబట్టి బరువు అతని మీద తక్కువ పడుతోందా, ఇవి చూస్తాను. తెలిసినవి ఇవే.

మనం చెయ్యగలిగిన పని మాత్రం ఒకటి మిగిలుంది. మన ఇళ్ళలో, అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో, పటాలంలో చేరేముందు స్టూడియోలో దిగిన తాతల ఫోటోలు ఇంకా కొన్ని ఉన్నాయి. గుర్తుపట్టగలిగేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉన్నారు, వాళ్ళకీ ఎనభైలు దాటాయి. వాళ్ళ పక్కన కూర్చుని అడిగి, ఫోటో వెనక రాయండి. పేరు, ఇంటిపేరు, ఊరు, ఏ పటాలం, ఎక్కడికి వెళ్ళాడు, తిరిగొచ్చాడా. మెత్తటి పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే కొన్నేళ్ళకి ఇంకు ఇటువైపు ముఖం మీదికి ఊరుతుంది.